ఒక్కసారికి ఒక్క బొమ్మ

చెన్నై ఎగ్మూరులోని ప్రభుత్వ మ్యూజియానికి నేను నెలకొకసారి వెళ్తాను. వెళ్ళినప్పుడు ఒక్క బొమ్మనే చూసి తిరిగి వస్తాను. ఈ మాట చెబితే మా ఆఫీసులో నవ్వుతారు. టికెట్టు కొనుక్కొని, ఎండలో ఆ ఆవరణంతా దాటుకుని వెళ్ళి, ఒక రాతి ముందు ముప్పావుగంట నిలబడి, పక్క గదిలో ఏముందో తొంగి కూడా చూడకుండా వచ్చేయడం వాళ్ళకు ఉత్త నష్టపు బేరంలా కనబడుతుంది. నేనూ లెక్కల మనిషినే. ఒక చిన్న కంపెనీలో జమాఖర్చులు చూడడం నా ఉద్యోగం. అయినా ఈ ఒక్క బేరంలో నాకెప్పుడూ నష్టం రాలేదు.

ఈ అలవాటుకు మూలం చిన్నప్పటి చేదు అనుభవం. ఏడో తరగతిలో ఉండగా మా బడివాళ్ళు విహారయాత్ర పేరుతో మమ్మల్ని ఒక మ్యూజియానికి తీసుకెళ్ళారు. లోపలికి అడుగు పెట్టకముందే తలా ఒక నోటుపుస్తకం ఇచ్చి, ప్రతి వస్తువు కింద రాసి ఉన్న వివరాలు పొల్లుపోకుండా ఎక్కించుకోవాలనీ, ఎవరు ఎక్కువ రాస్తే వాళ్ళకు బహుమతి అనీ చెప్పారు. నేను వంచిన తల ఎత్తలేదు. ఒక లేబులు అయిపోగానే రెండోదానికి పరుగెత్తాను. ఇంటికి వచ్చాక మా నాన్నగారు ఆ పుస్తకం తిరగేసి, "ఇన్ని రాశావు, ఇందులో నీకు బాగా నచ్చిందేదమ్మా?" అని అడిగారు. నాకు ఒక్క బొమ్మ ముఖమూ గుర్తు రాలేదు. నలభై లేబుళ్ళు మాత్రం గుర్తున్నాయి. బహుమతి కూడా నాకే వచ్చింది.

ఉద్యోగం కోసం చెన్నై వచ్చిన కొత్తలో ఆ మ్యూజియానికి మొదటిసారి వెళ్ళినప్పుడు కూడా అదే పరుగు పరుగెత్తాను. 1851లో మొదలైన సంస్థ అది, ఎన్నో భవనాలు, ఎన్నో గదులు. మధ్యాహ్నం దాటేసరికి కాళ్ళు పీకాయి, తల దిమ్మెక్కింది, ఏం చూశానో చెప్పమంటే చెప్పలేని స్థితి మళ్ళీ వచ్చింది. ఆ రోజే ఒట్టు పెట్టుకున్నాను. ఒక్కసారికి ఒక్క బొమ్మ. ముందు బొమ్మ, తరువాతే లేబులు. శనివారం ఉదయం, జనం పలచగా ఉండగానే వెళ్ళడం.

దీన్ని తపస్సులాగా చెప్పుకోవడం నాకిష్టం లేదు. మొదటి పది నిమిషాలు విసుగే. చూడవలసింది చూసేశామనీ, ఇంక ఇందులో ఏమీ లేదనీ మనసు తొందరపెడుతుంది. చెయ్యి దానంతట అదే ఫోను కోసం వెతుకుతుంది. ఆ విసుగును ఓర్చుకుని నిలబడితే, పదిహేనో నిమిషం దగ్గర ఎక్కడో, అంతవరకూ కనబడనిది ఒకటి కనబడుతుంది. ఒక వేలికి ఉంగరం ఉండడమో, ఒక మనిషి నోరు కాస్త తెరుచుకుని ఉండడమో, అంత చిన్నదే. అయితే అది కనబడ్డాక ఆ పక్కది కనబడుతుంది, ఆ పక్కది కనబడ్డాక దాని వెనకది.

నేను ఎక్కువసార్లు వెళ్ళింది అమరావతి శిల్పాల గదికి. మా ఊరి నుంచి అమరావతికి బస్సులో ముప్పావుగంట ప్రయాణం. చిన్నప్పుడు అమరేశ్వరస్వామి గుడికి వెళ్ళి, కృష్ణలో మునిగి, పులిహోర తిని వచ్చేవాళ్ళమే కాని, ఆ పక్కనే ఉన్న దిబ్బ దగ్గర ఒకప్పుడు ఇంత స్తూపం ఉండేదని మాకెవరూ నొక్కి చెప్పలేదు. ఆ దిబ్బ తాలూకు రాళ్ళను ఇన్ని వందల మైళ్ళ దూరాన, అరవం మాట్లాడే ఊళ్ళో, మొదటిసారి చూడవలసి వచ్చింది. పలనాటి సున్నపురాయి అది. తెలుపులో కాస్త ఆకుపచ్చ జీర కలిసినట్టుంటుంది. ఉలికి సులువుగా లొంగే రాయి కావడం వల్లనే కాబోలు, మెడలోని పేటలు, నడుము పట్టీల ముడులు అంత సన్నగా తెగాయి.

ఆ గదిలో నేను నెలల తరబడి తిరిగి తిరిగి చూసిన బొమ్మ ఒకటుంది. స్తూపం చుట్టూ ఉండే ప్రాకారపు రాతి మీద చెక్కిన గుండ్రటి ఫలకం అది, క్రీస్తు శకం రెండో శతాబ్దం నాటిది. వృత్తం ఎడమ సగంలో మదించిన ఏనుగు ఒకటి వీధిలోకి ఉరికి వస్తూ ఉంటుంది. తొండంతో ఒక మనిషిని పట్టి ఈడుస్తుంది. జనం చెల్లాచెదరై పరుగెత్తుతూ ఉంటారు. భయంతో ఒక ఆడమనిషి పక్కనున్న మగవాడిని కరుచుకుపోతుంది. పైన మేడల కిటికీల్లోంచి కొందరు తలలు బయటపెట్టి చూస్తూ ఉంటారు. కుడి సగంలో బుద్ధుడు నిలబడి ఉంటాడు, వెనక భిక్షువులు, ఎదుట తల వంచి మోకరిల్లిన ఏనుగు.

బొమ్మను పూర్తిగా చూశాననిపించేదాకా లేబులు చదవకూడదన్న నా నియమానికి నేను మూల్యం చెల్లించింది ఈ బొమ్మ దగ్గరే. సుమారు రెండేళ్ళపాటు అందులో రెండు ఏనుగులున్నాయనే అనుకున్నాను. ఒక ఏనుగు ఊరి మీద పడితే, మరొక ఏనుగు బుద్ధి తెచ్చుకుని స్వామికి మొక్కుతోందని నాకు నేనే ఒక కథ అల్లుకున్నాను. చెడ్డ ఏనుగు, మంచి ఏనుగు. నా కథ నాకు బాగానే ఉండేది.

మా అత్తయ్య ఒక దసరాకు చెన్నై వచ్చినప్పుడు ఆవిడను కూడా తీసుకువెళ్ళాను. ఆవిడ అయిదో తరగతితో చదువు మానేసిన మనిషి. మ్యూజియం అంటే చచ్చిన జంతువులు ఉండే చోటని ఆవిడ అభిప్రాయం. అటువంటి భవనం కూడా ఆ ఆవరణలో ఉంది కనుక పూర్తిగా తప్పనడానికి లేదు. ఆ ఫలకం ముందు నిలబెట్టి, నా రెండు ఏనుగుల కథ కాస్త గర్వంగానే వినిపించాను. ఆవిడ కళ్ళజోడు సవరించుకుని చాలాసేపు చూశారు.

"రెండు ఏనుగులెక్కడున్నాయమ్మాయ్? ఒక్కటేగా!" అన్నారు.

"ఇటొకటి, అటొకటి ఉంది కదత్తయ్యా?"

"ఇటుది పిచ్చెక్కినప్పటిది. అటుది దణ్ణం పెట్టేటప్పటిది. బొమ్మలాటలో సీతమ్మకి పెళ్ళినాటి బొమ్మ వేరు, అశోకవనంలో ఏడ్చే బొమ్మ వేరు. అంతమాత్రాన ఇద్దరు సీతమ్మలున్నారంటామా?"

నాకు నోట మాట రాలేదు. అప్పుడు లేబులు చదివాను. రాజగృహ నగరంలో దేవదత్తుడు బుద్ధుణ్ణి చంపించాలని నాళాగిరి అనే ఏనుగుకు మదమెక్కించి వీధిలోకి వదిలితే, అది బుద్ధుడి ఎదుటికి వచ్చేసరికి శాంతించి పాదాల దగ్గర వాలిపోయిన కథ అది. ఏనుగు ఒక్కటే. గడిచిన క్షణమూ, దాని తరువాతి క్షణమూ ఒకే వీధిలో, ఒకే వృత్తంలో పక్కపక్కన ఉన్నాయి, అంతే. తరువాత కొన్నాళ్ళకు, ఆ మ్యూజియంలోనే పనిచేసిన సి. శివరామమూర్తి గారు 1942లో అమరావతి శిల్పాల మీద వెలువరించిన గ్రంథం చూస్తే, ఈ ఫలకం గురించి పండితులు చెప్పిన దానికీ మా అత్తయ్య చెప్పిన దానికీ సారంలో తేడా కనబడలేదు. తోలుబొమ్మలాట చూసి పెరిగిన కంటికి అది తెలిసిన భాషే. పుస్తకాల్లో బొమ్మలు చూసి పెరిగిన నా కంటికి అది కొత్త.

నా కన్ను ఎక్కడ అలా తయారైందో తరువాత ఆలోచించాను. మా తరానికి బొమ్మంటే చందమామ. 1947 జులైలో మొదలైన ఆ పత్రిక ఇక్కడే, ఈ మద్రాసులోని వడపళనిలోనే, అచ్చయ్యేది. అట్ట మీద వడ్డాది పాపయ్య గారి రంగులు, లోపల చిత్రా, శంకర్ గార్ల గీతలు. భుజాన శవంతో, చేతిలో కత్తితో, శ్మశానంలోంచి నడిచి వచ్చే విక్రమార్కుణ్ణి శంకర్ గారు ఒకే క్షణంలో ఆపి పట్టుకున్నారు. ఒక బొమ్మకు ఒక క్షణం. దాని ముందేం జరిగింది, తరువాతేం జరిగింది అన్నది కింది అక్షరాలు చెప్పుకుంటాయి. కాబట్టి ఒకే చట్రంలో రెండు ఏనుగులు కనబడితే నా బుర్ర వాటిని రెండుగానే లెక్కపెట్టింది. లెక్కల మనిషిని మరి.

ఇప్పుడు ఆ ఫలకాన్ని చూస్తుంటే శిల్పి నేర్పు ఇంకొకటి తెలుస్తోంది. ఎడమ సగంలో ఒక్క ఒళ్ళూ నిటారుగా లేదు. వంగినవీ, పడినవీ, వెనక్కి తిరిగినవీ, ఒకదాని మీద ఒకటి తోసుకునేవీ. కుడి వైపుకు వచ్చేసరికి గీతలన్నీ నిలువుగా నిలబడిపోతాయి. ఏనుగు శాంతించిందని చెప్పడానికి ఏనుగు ముఖం అక్కర్లేదు, ఆ భిక్షువుల బట్టల మడతలు చాలు. అయినా ఒక మాట ఒప్పుకోవాలి. నా మటుకు నాకు ఇందులో బుద్ధుడికన్నా పారిపోయే జనమే ఎక్కువ ఇష్టం. శిల్పికి కూడా వాళ్ళ మీదే మనసు పోయిందని నా అనుమానం. మహాత్ముణ్ణి ఎలా చెక్కాలో గురువులు చెప్పి ఉంటారు కాని, భయపడ్డ ఆడమనిషి మొగుడి చెయ్యి ఎలా పట్టుకుంటుందో ఆయన వీధిలో చూసి నేర్చుకుని ఉండాలి.

ఈ రాళ్ళు ఇక్కడికెలా వచ్చాయన్నది చాలా బాధాకరమైన కథ. పద్దెనిమిదో శతాబ్దం చివర జమీందారు వాసిరెడ్డి వేంకటాద్రి నాయుడు గారు అమరావతిలో పట్టణం కట్టిస్తున్న రోజుల్లో, ఇళ్ళకూ గుళ్ళకూ రాళ్ళ కోసం ఆ దిబ్బను తవ్వడం మొదలైంది. ఆ కబురు విని 1797లో కంపెనీ సర్వే అధికారి కాలిన్ మెకంజీ చూడవచ్చాడు. దాదాపు ఇరవై ఏళ్ళకు, 1816లో, తిరిగి వచ్చేసరికి స్తూపం నడిమధ్యన చెరువు తవ్వేసి ఉంది. అతను ఉన్నవాటికి బొమ్మలు గీయించాడు. ఇప్పుడు జాడ లేని ఎన్నో ఫలకాలు మనకు ఆ గీతల్లోనే మిగిలాయి. కొన్ని రాళ్ళను కాల్చి సున్నం చేశారు. 1845లో కంపెనీ అధికారి వాల్టర్ ఇలియట్ తవ్వించి మద్రాసుకు చేర్చిన శిల్పాలు చాలా ఏళ్ళు ఎండకూ వానకూ ఇక్కడే పడి ఉండి, 1859లో ఓడెక్కి లండన్ వెళ్ళిపోయాయి. బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నవి చాలావరకు అవే. ఆ తరువాత 1877లో సీవెల్, 1880ల మొదట్లో బర్జెస్ చేసిన తవ్వకాల్లో దొరికినవాటిలో పెద్ద భాగం ఎగ్మూరుకు వచ్చింది. ఇవి అమరావతిలోనే ఉండవలసిందని కొందరంటారు, ఆ మాటలో న్యాయం ఉంది. ఆ ఊళ్ళో నా పూర్వీకులెవరైనా తమ ఇంటి గోడకు ఆ సున్నం వేసుకుని ఉండవచ్చునన్న ఆలోచన కూడా నాకు వస్తుంది కనుక, ఈ విషయంలో గట్టిగా అరవడానికి నోరు రాదు.

మ్యూజియంలో అలవాటైన చూపు బయట కూడా పనిచేస్తుందా అన్నది నాకు చాలాకాలం సందేహంగానే ఉండేది. అది తీర్చినవాడు టి. నగర్‌లో స్టీలు సామాను మీద పేర్లు కొట్టే ఒక కుర్రవాడు.

మా తమ్ముడు వరప్రసాద్ కొత్త కాపురానికి సామాను కొని, అన్నిటి మీదా వాడి పేరు తెలుగులో కొట్టించమని అమ్మ ఆజ్ఞాపించింది. అరవ అక్షరాలైతే క్షణాల్లో కొట్టేవాడే, ఇంగ్లీషైతే ఇంకా సులువు. తెలుగనేసరికి ఆ కుర్రవాడు చెయ్యి ఆపి, కాగితం మీద పెద్దగా రాసిమ్మన్నాడు. రాసిచ్చాను. అతను దాన్ని చదవలేడు కదా, బొమ్మలాగా చూశాడు. కాగితాన్ని ఒకసారి తలకిందులుగా తిప్పి కూడా చూశాడు. చూసి, గిన్నె మీద చుక్కచుక్కగా సూది దించడం మొదలుపెట్టబోయి ఆగి, అరవంలో అడిగాడు: "అక్కా, మొదటి అక్షరం మీద ఈ టిక్కు కిందదానికి అంటుకుని ఉంది. ఇక్కడ మూడోదాని మీద అంటుకోకుండా విడిగా ఉంది. అది మీ చెయ్యి జారిందా, అలాగే ఉండాలా?"

నేను కాగితం తీసుకుని చూశాను. 'వ' మీద తలకట్టు అక్షరానికి కలిసి ఉంటుంది. 'ప్ర'లో ఉన్న 'ప' మీద తలకట్టు ఎడంగా, గాలిలో తేలుతూ ఉంటుంది. ఆ సందు లేకపోతే 'ప' కాస్తా 'వ'లాగా కనబడే ప్రమాదం ఉంది. ముప్పై ఏళ్ళకు పైగా రోజూ తెలుగు చదువుతున్నాను, రాస్తున్నాను, పద్దుల పుస్తకాల్లో వేలసార్లు ఆ రెండు అక్షరాలూ దాటి ఉంటాను. అక్కడొక సందు ఉందని నా చేతికి తెలుసు కాని, కంటికి తెలియదు. "అలాగే ఉండాలి" అన్నాను. అతను తల ఊపి, ప్రతి గిన్నె మీదా, ప్రతి గరిటె మీదా, ఆ సందును సరిగ్గా రెండు చుక్కల మేర వదిలిపెడుతూ కొట్టాడు. 'ద' పొల్లు మీది వంపు దగ్గర సూదిని కాస్త నిదానించి తిప్పడం కూడా చూశాను. చదవడం వచ్చినవాడైతే అంత జాగ్రత్తగా కొట్టేవాడు కాదు.

ఏడో తరగతి నోటుపుస్తకం నాకప్పుడు గుర్తొచ్చింది. పేరు తెలిసిన మరుక్షణం కన్ను పని మానేస్తుంది. 'నటరాజు' అని చదివామంటే, ఓహో నటరాజా అని ముందుకు సాగిపోతాం. మరి మా అత్తయ్య సంగతేమిటంటే, ఆవిడకు పేరు తెలియదు, కాని చూసే పద్ధతి తెలుసు. ఈ రెండూ వేరు వేరన్న సంగతి నాకు కొంత మ్యూజియంలోనూ కొంత గిన్నెల కొట్లోనూ బోధపడింది.

కంచు విగ్రహాల భవనంలో ఈ మధ్య నేను చూసింది తిరువెంకాడు అర్ధనారీశ్వర మూర్తి. చోళుల కాలం, పదకొండో శతాబ్దం. దీన్నీ లేబులు చూడకుండానే మొదలుపెట్టాను. ముందు తోచినది చేతుల లెక్క కుదరకపోవడం. కుడివైపు రెండు, ఎడమవైపు ఒకటి. మొత్తం మూడు. విరిగిపోయిందేమో అని భుజం దగ్గర వెతికాను, విరిగిన గుర్తు లేదు. శివుడి సగానికి రెండు చేతులూ అమ్మవారి సగానికి ఒక్క చెయ్యీ పెట్టి కూడా తూకం చెడకుండా నిలబెట్టాడు ఆ విగ్రహం పోసిన స్థపతి. అమ్మవారి వైపు నడుము పక్కకు ఒరిగి, ఆ ఒంపే రెండో చేతి బరువును మోస్తోంది. ఈ రెండు సగాలూ కలిసే గీత ఎక్కడుందా అని వెతికాను. కట్టిన బట్ట ఒకవైపు పొట్టిగా, ఒకవైపు పొడుగ్గా ఉండి అతుకును చూపిస్తుంది కాని, పొట్ట దగ్గర మాత్రం ఎక్కడ ఆయన ఆగి ఆవిడ మొదలవుతుందో వేలు పెట్టి చూపలేం.

కుడి చేతుల్లో ఒకటి మోచేయి దగ్గర వంగి దేనిమీదనో ఆనినట్టుంది. కింద ఏమీ లేదు. అక్కడొక నంది ఉండవలసింది, ఇప్పుడు లేదు. లేని ఎద్దు మీద అంత నిశ్చింతగా చెయ్యి వాల్చుకుని వెయ్యేళ్ళుగా నిలబడి ఉన్నాడు స్వామి. నేను ఆ శనివారం ఎద్దునే చూశానని చెప్పాలి; దాని ఎత్తెంత, మూపురం ఎక్కడికి వస్తుంది అని చేతి ఒంపును బట్టి లెక్క కట్టుకుంటూ గడిపాను.

ఇటువంటి మూర్తులు గుళ్ళో ఉన్నప్పుడు మనం వాటిని ఇలా చూడలేం. ఇవి ఉత్సవ విగ్రహాలు. పీఠానికి ఉన్న కన్నాల్లోంచి కర్రలు దూర్చి ఊరేగించేవారు. పట్టు బట్ట, పూలదండలు, నగలు వేశాక ముఖమూ పాదాలూ తప్ప ఇంకేమీ కనబడదు. స్థపతి అంత శ్రమపడి తీర్చిన వీపు గుళ్ళో అర్చకుడికి తప్ప మరెవరికీ తెలియదు. మ్యూజియంలో దేవుడికి ధూపదీపాలు లేవని బాధపడేవాళ్ళతో నాకు తగువు లేదు, మా అమ్మ కూడా ఆ కోవలోనిదే. అయితే ఆ వీపును చూడడం కూడా ఒక రకం దర్శనమేనని నాకనిపిస్తుంది.

ఈ పనితనం ఎలా వస్తుందో తెలుసుకోవాలని కుంభకోణం దగ్గరి స్వామిమలైకి ఒకసారి వెళ్ళాను. అక్కడ స్థపతుల కుటుంబాలు ఇప్పటికీ పాత పద్ధతిలోనే పోతపోస్తున్నాయి. తేనెమైనంలో గుగ్గిలం, నూనె కలిపి కాచి, ఆ ముద్దతో ముందు బొమ్మ చేస్తారు. కొలతలకు కొబ్బరాకు చీలికను విగ్రహం ఎత్తుకు తెంచి, దాన్ని భాగాలుగా మడిచి గుర్తులు పెట్టుకుంటారు. ముఖానికి ఇంత, మెడకు ఇంత అని ఆ మడతలే చెబుతాయి. మైనపు బొమ్మకు కావేరి ఒండ్రుమట్టి పూత మీద పూత పట్టించి, ఆరాక కాలిస్తే మైనం కరిగి కారిపోతుంది. ఆ ఖాళీలోకి కరిగిన లోహం పోస్తారు. చల్లారాక మట్టి మూస పగలగొట్టవలసిందే, కాబట్టి ఒక మూసకు ఒక్క విగ్రహమే. నేను చూసినప్పుడు ఒక పెద్దాయన మైనపు చేతికి వేళ్ళు అంటిస్తున్నారు. వేడి చేసిన చిన్న ఇనుప పనిముట్టుతో వేలి మొదలు తాకించి, ఊది, మళ్ళీ తాకించారు. ఆ మైనపు వేలు ఇంకో వారంలో కరిగి మాయమైపోతుంది. దాని గోరు మీద ఆయన పెట్టిన శ్రద్ధ చూస్తే అది శాశ్వతంగా ఉండబోయేదన్నంత భ్రమ కలిగింది.

ఫొటోలో చూస్తే చాలదా అని అడిగేవాళ్ళుంటారు. చాలామందికి చాలదు కాని, ఒకాయనకు చాలింది. ఫ్రెంచి శిల్పి ఆగస్త్ రోదా ఎగ్మూరు మ్యూజియంలోని నటరాజుల ఫొటోలు మాత్రమే చూసి, 1913లో వాటి మీద పరవశించి ఒక వ్యాసం రాశాడు. మద్రాసు గడప తొక్కనే లేదు. ఆయనంతటి కళ్ళు లేనివాళ్ళం మనం బస్సెక్కి వెళ్ళడమే మేలు.

వీధిలో కూడా ఒక్కసారికి ఒక్కటే అన్న నియమం పాటించాలని చూస్తున్నాను, ఎప్పుడూ కుదరదు. ధనుర్మాసంలో మా వీధిలో ఏ గుమ్మం ముందు ఆగాలో తెలియదు. మెలికల ముగ్గులో గీత ఎక్కడ మొదలైందో కనిపెట్టడం నాకు ఇష్టమైన పని. ముగ్గు వేసిన ఆవిడ చేతిలో పిండి అయిపోయి మళ్ళీ తీసుకున్న చోట గీత రవ్వంత లావుగా ఉంటుంది, దాన్ని పట్టుకుంటే దారి దొరుకుతుంది. మెరీనాలో దేవీప్రసాద్ రాయ్ చౌధురి గారి 'శ్రామిక విజయం' విగ్రహం పక్కనుంచి పదేళ్ళు బస్సులో పోయాను. 1959 నుంచీ అక్కడే ఉంది. అందులో ఎంతమంది మనుషులున్నారని ఎవరైనా అడిగితే అయిదుగురని ఖాయంగా చెప్పేదాన్ని. ఒక సాయంత్రం దిగి చూస్తే నలుగురు. అయిదోది, వాళ్ళు కదిలిస్తున్న బండరాయి. అది కూడా ఒళ్ళు విరుచుకుంటున్న మనిషిలాగే ఉంది మరి.

పోయిన నెల మా అత్తయ్య ఫోను చేసి, ఆ ఏనుగు రాతి దగ్గరికి మళ్ళీ వెళ్తావా అని అడిగారు. వెళ్తానన్నాను. "మేడ మీద నుంచి చూస్తున్నవాళ్ళు ఎంతమందో లెక్కపెట్టి చెప్పు. నేనప్పుడు లెక్కపెట్టాను గాని మరిచిపోయాను" అన్నారు. శనివారం వెళ్ళి లెక్కపెట్టాను. రెండోసారి లెక్కపెడితే ఒకటి తేడా వచ్చింది. కిటికీ అంచున ఒకచోట రాయి అరిగిపోయి ఉంది, అది తలా, గోడ మీది నగిషీయా అన్నది తేలడం లేదు. ఆ సంగతే ఆవిడకు చెప్పాను.

"తల అయ్యుంటుందిలే. అంత గొడవ జరుగుతుంటే ఆ కిటికీలోవాళ్ళు మాత్రం లోపలెందుకు కూర్చుంటారు?" అన్నారు.

నేనింకా ఒప్పుకోలేదు. సంక్రాంతికి ఆవిడ వస్తున్నారు.